పూల కింద రాగి బట్టీ

భీమేశ్వరరావు ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడింటికి గోడౌను తెరవాలి. ఏడున్నరకు సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కించాలి. తొమ్మిదికల్లా హైటెక్ సిటీలో దించి, పదింటికి ఇంటికొచ్చి భ్రమరాంబ వేసే పెసరట్టు తినాలి. హఫీజ్‌పేట్ స్టేషన్ ఎదురుగా ఇరవై రెండేళ్ళుగా టెంట్ హౌస్ నడుపుతున్న మనిషి ఆయన. పెళ్ళికి వెయ్యి కుర్చీలు పంపితే ఎన్ని కాళ్ళు విరిగి తిరిగొస్తాయో, ఎన్ని గరిటెలు పెళ్ళివారింట్లోనే కాపురం పెడతాయో ముందే చెప్పగలడు. ఆయన లెక్కలో తరుగు ఉండేది కానీ తప్పు ఉండేది కాదు.

ఆ రోజు సామానులో మాత్రం తరుగుకు వీల్లేని వస్తువు ఒకటుంది. రెండు వందల ఏళ్ళనాటి రాగి బట్టీ. నడుమెత్తు ఉంటుంది. కింద ఉల్లిపాయలా గుండ్రంగా, పైకి పోనుపోను సన్నబడి, చివర కొంగమెడలా ఒక పక్కకు వంగి ఉంటుంది. స్కాట్లాండులో విస్కీ తయారుచేసే ఒక పెద్దాయన పూర్వీకుల సొత్తు అది. ఆయన పీపాలు ఏ గిడ్డంగిలో ఎన్నేళ్ళుగా పడుకుని ఉన్నాయో చూపించే సాఫ్ట్‌వేర్‌ను హైటెక్ సిటీలో ఒక కంపెనీ తయారుచేస్తోంది. పీపాలో ఉన్నదేమిటో తెలియకుండా పీపాలను లెక్కపెట్టడం పద్ధతి కాదని, ఆ పిల్లలకు విస్కీ పుట్టుపూర్వోత్తరాలు తానే చెబుతానని పెద్దాయన బయలుదేరాడు. బట్టీని ముందుగా విమానంలో పంపించాడు.

అది దిగిన వారానికే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కరెంటు కోతలు వచ్చాయి, ఆఫీసు రేపు తెరుస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఆ కంపెనీకి కుర్చీలూ షామియానాలూ పంపేది భీమేశ్వరరావే కాబట్టి, సంయుక్త అనే మేనేజరమ్మాయి బట్టీని తెచ్చి ఆయన గోడౌనులో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకుంది. వస్తువు పోయినా, సొట్టపడినా ఆయనదే పూచీ. సంతకం పెట్టిన రోజు నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. దుకాణం మొత్తం అమ్మినా రెండు వందల ఏళ్ళు ఎక్కడ కొనుక్కొస్తాడు?

ఆరున్నరకే సంయుక్త ఫోను వచ్చింది. ఆమెది కాకినాడ, ఆయనది తణుకు.

"బాబాయిగారూ, ఈరోజు బంద్ అంటండీ. కానీ స్కాట్లాండు పెద్దాయనకి రేపు పొద్దున్నే ఫ్లైటు. పదకొండింటికి ప్రోగ్రాం అయితీరాలండీ."

"బంద్ రోజున బండి కదిలితే అద్దాలుంటాయా అమ్మాయ్?"

"మీరే ఎలాగోలా చూడాలండీ. కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. బార్లీ మొలకలొచ్చాయా?"

మొలకలు వచ్చాయి. విస్కీ పుట్టే వరసలో నాలుగు బల్లలు పెట్టాలని సంయుక్త నాలుగు రోజుల క్రితమే చెప్పింది. మొదటి బల్ల మీద నానబెట్టి మొలకెత్తించిన బార్లీ. రెండో బల్ల మీద ఆ మొలకలను ఆరబెట్టి, పొగపెట్టి, మరాడించిన పిండి. మూడో బల్ల మీద బట్టీ. నాలుగో బల్ల మీద ఓక్ చెక్కతో చేసిన చిన్న ఖాళీ పీపా. చుక్క సారా కూడా ఉండకూడదు, చూపించడానికే.

బుట్టలు ఎక్కిస్తున్న డ్రైవరు ఓదెలుకు భీమేశ్వరరావు తనకు అర్థమైనంత వివరించాడు. "ఈ పిండిని వేడినీళ్ళలో కలిపితే తీపి దిగుతుందంట. ఆ తీపినీళ్ళని పులియబెట్టి, ఈ రాగి బట్టీలో రెండుసార్లు కాస్తే ఆవిరి చల్లారి తెల్లగా దిగుతుంది. దాన్ని పీపాలో పోసి మూతేసి పదేళ్ళు కదపకుండా ఉంచితే బంగారం రంగు."

"అంటె గుడుంబ లెక్కనే గద సార్. వాళ్లకు ఓపికెక్కువ, గంతే."

"ఏటా నూటికి రెండు పాళ్ళు పీపాలోంచే ఆవిరైపోతుందంటరా. దాన్ని దేవతల వాటా అంటారంట. మన వ్యాపారంలో తరుగంటాం."

"మా ఊర్ల బట్టికాడ కూసున్నోని వాట అంటం సార్."

భీమేశ్వరరావు నవ్వలేకపోయాడు. గుడుంబా అంటే దొంగసారా. నిజమే కదా! దారిలో పైన కప్పిన గోనెసంచి తొలగితే ఎవరికైనా ఇది సారా బట్టీలాగే కనిపిస్తుంది. ఆయన తన భయాలను వరసగా పేర్చుకున్నాడు. బంద్ రోజున బండి తీయడం ఒకటి. నోరు తెరిస్తే తణుకు బయటపడటం రెండు. ఇప్పుడీ బట్టీ మూడు. మొదటి రెండింటికీ మందు లేదు. మూడోదానికి ఉంది. అడిగితే పోయేదేముందని ఎక్సైజ్ ఆఫీసుకు ఫోను చేశాడు. వ్యాపారస్తుడు చేసే పనే అది. సొంత నంబరు నుంచి చేయడం మాత్రం వ్యాపారస్తుడు చేసే పని కాదు.

"ఎస్సై వీరేశం మాట్లాడుతున్న. సమ్మెల అందరు బయటున్నరు, ఆఫీసుల నేనొక్కన్నే ఉన్న. చెప్పుండ్రి."

"నమస్తే అండి. ఊరికే తెలుసుకుందామనండి. ఎవరైనా... నేను కాదండి, ఎవరైనా ఒక రాగి బట్టీని ఆటోలో తీసుకెళ్ళాలంటే పర్మిట్టు కావాలాండి?"

అవతల కుర్చీ కిర్రుమన్నది. "బట్టీనా? ఎంత పెద్దది?"

"నడుమెత్తండి."

"గిప్పుడు యాడున్నది?"

"ఎవరి దగ్గరో ఉందండి."

"నీ పేరేంది?"

భీమేశ్వరరావు ఫోను పెట్టేశాడు. వెంటనే అది మోగడం మొదలుపెట్టింది. ఎత్తకపోతే గొడవే లేదనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐదోసారి మోగుతున్నప్పుడు ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. తనకు ఫోను చేసినవాళ్ళకు ట్రింగుమన్న మోత వినిపించదు. నెలనెలా డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన వినిపిస్తుంది. 'పెళ్ళిళ్ళకు, పేరంటాలకు భ్రమరాంబ టెంట్ హౌస్, హఫీజ్‌పేట్ స్టేషన్ ఎదురుగా. రాగి, ఇత్తడి పాత్రలు అద్దెకు ఇవ్వబడును.' వీరేశం ఆరుసార్లు చేశాడు. చిరునామా ఆరుసార్లు విన్నాడు.

"ఓదెలూ! బండి తియ్యరా!"

"గిట్ల గోనెసంచి కప్పుకొని పోతె పక్కా పట్టుకుంటరు సార్. జర ఆగు." ఓదెలు బట్టీ చుట్టూ ఒకసారి తిరిగాడు. కింద వెడల్పు, పైకి సన్నం. అతని ముఖం వెలిగింది. "సార్, బతుకమ్మ పండుగ నడుస్తున్నది. దీన్ని తాంబాలంల పెట్టి సుట్టూ పూలు పేరిస్తె పెద్ద బతుకమ్మే. బతుకమ్మను ఎవడాపుతడు?"

పండుగ రోజులు కాబట్టి స్టేషన్ దగ్గర పూలకు కొదవ లేదు. తంగేడు, గునుగు, బంతి కట్టలు కట్టలుగా వచ్చాయి. దుకాణంలోని పెద్ద ఇత్తడి తాంబాలంలో బట్టీని నిలబెట్టి, ఓదెలు వరస మీద వరస పేరుస్తూ పోయాడు. పక్కకు వంగిన మెడను గుమ్మడిపూలతో చుట్టేశాడు. అరగంటలో రాగి అన్నది కనబడకుండా పోయింది. భీమేశ్వరరావు దూరం నుంచి, దగ్గర నుంచి చూశాడు. సరుకు బాగుంది, కానీ ఏదో వెలితి.

"వీధిలో ఆడవాళ్ళు పైన పసుపు ముద్ద పెడతారు కదరా?"

"గౌరమ్మ సార్. అది మాత్రం వద్దు. పసుపు గౌరమ్మను పెడితె ఇగ గిది వేషం కాదు, నిజం బతుకమ్మే అయితది."

"నిజంలా ఉండాలనే కదరా మన తాపత్రయం! చేస్తే పూర్తిగా చెయ్యాలి. పెట్టు."

ఓదెలు ఏదో చెప్పబోయి, ఎక్సైజ్ జీపు వచ్చేస్తుందేమోనని, పసుపు తడిపాడు.

కొండాపూర్ దాకా దారి ఖాళీగా ఉంది. ఆ ఖాళీయే ఆయనను మరీ భయపెట్టింది. మూసిన షట్టర్లు, రోడ్డు మధ్యలో కాలి చల్లారిన టైర్లు, ఎక్కడో నినాదాలు. ఆయన ముందు సీట్లో ఒదిగి కూర్చుని అద్దంలో వెనక్కి చూస్తున్నాడు.

"సార్, ఒక్కటి యాదుంచుకో. నువ్వు నోరు తెర్వకు. నువ్వు అండీ అన్నవంటె ఇద్దరి పని ఖతం."

కొత్తగూడ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వంద మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మామూలుగా సాయంత్రం ఆడే బతుకమ్మను బంద్ కాబట్టి పొద్దున్నే రోడ్డు మీద ఆడుతున్నారు. అందరికంటే ముందున్న ఆమె చెయ్యెత్తి ఆటో ఆపింది. ఆమెను చూడగానే భీమేశ్వరరావు సీట్లో ఇంకా ఒదిగిపోయాడు. కనకమ్మ. అదే కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆయన ఊరు, ఆయన మాట అన్నీ ఆమెకు తెలుసు.

"అరె, కుర్సీల సార్! ఏంది సార్, బంద్ నాడు యాడికి?"

భీమేశ్వరరావు పెదవులు బిగించి నమస్కారం పెట్టాడు.

"మాట్లాడవేంది సార్? పాణం బాగలేదా?"

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "సార్ మాట్లాడడక్కా. మౌనవ్రతంల ఉన్నడు."

"మౌనవ్రతమా! ఎందుకు?"

ఓదెలు ఆకాశంకేసి, పూలకేసి చూశాడు. అక్కడ దొరికింది మాట. "తెలంగాణ వచ్చేదాంక నోరు తెర్వనని గౌరమ్మ మీద ఒట్టు పెట్టుకున్నడు."

కనకమ్మ వెనక్కి తిరిగి, చౌరస్తా అంతా వినబడేలా అరిచింది. "అక్కలారా! ఆంధ్ర సారు! మన కోసం నోరు కట్టేసుకున్నడు! బతుకమ్మను గూడ పేర్చుకొని తెచ్చిండు!"

భీమేశ్వరరావు మెడలో బంతిపూల దండ పడింది. బొట్టు పెట్టారు. ఎవరో మైకు నోటి దగ్గర పెట్టి, వ్రతం గుర్తొచ్చి తీసేశారు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. సంయుక్తో వీరేశమో, ఎవరైనా ఒకటే, ఎత్తడానికి నోరేదీ?

తర్వాత జరిగిందంతా ఆయన కళ్ళముందే, ఆయన ఒక్క మాట అనకుండానే జరిగిపోయింది. ఆటోలో మొలకల బుట్ట చూసి ఒకావిడ, "ఫలారం గూడ తెచ్చిండు సారు" అంది. మొదటి బల్ల సరుకు గుప్పెళ్ళుగా పంపకమైపోయింది. పొగపట్టిన పిండిలో బెల్లం కలిపి సత్తుపిండి ముద్దలు చేశారు. రెండో బల్లా అయిపోయింది. సమ్మెలో ఉన్న ఆటోవాళ్ళు ఓక్ పీపాను బోర్లించి దరువు వేయడం మొదలుపెట్టారు. దాని మోత బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఇక మిగిలింది మూడో బల్ల, పూల కింద బట్టీ. ఎనిమిది చేతులు పడితే గానీ అది లేవలేదు.

"ఏంది వయ్యో, గింత బరువున్నది!"

"మొక్కు గట్టిది, అందుకే" అన్నాడు ఓదెలు, ఎటో చూస్తూ.

రోడ్డు మధ్యలో బట్టీని పెట్టి, వంద మంది చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. స్కాట్లాండు నుంచి విమానమెక్కి వచ్చిన రాగి అంతటి మర్యాద ఎన్నడూ చూసి ఉండదు. భీమేశ్వరరావు ఆట త్వరగా ముగియాలని మొక్కుకున్నాడు. ముగియగానే బండెక్కించి పరుగెత్తాలని ఆయన ఆలోచన. ఆట ముగిసింది. బండి మాత్రం ఎక్కించలేదు. అందరూ దాన్ని మోసుకుంటూ ఇంకో దారి పట్టారు.

ఆయన ఓదెలు చొక్కా పట్టుకుని గుంజాడు. ఎక్కడికన్నట్టు కళ్ళెగరేశాడు.

"చెరువుకు సార్" అన్నాడు ఓదెలు ఏడుపు గొంతుతో. "గౌరమ్మను పెట్టినంక ఆడుకొని నీళ్ళల్ల ఇడువాల్సిందే. గందుకే వద్దంటి."

భీమేశ్వరరావు పరుగున ముందుకెళ్ళి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "సాగనంపుతున్నడు పాపం" అన్నారు ఆడవాళ్ళు. బట్టీని కావలించుకున్నాడు. "భక్తి జూడు!" అన్నారు. నోటిదాకా వచ్చిన మాటను పళ్ళతో నొక్కిపట్టాడు. 'ఆగండీ' అన్న ఒక్క మాట చాలు, బట్టీ ఆగుతుంది. ఆ వెంటనే వ్రతం అబద్ధమని తేలుతుంది. తెలంగాణ పేరు చెప్పి, గౌరమ్మ పేరు చెప్పి, ఒక తణుకు మనిషి సారా బట్టీని దాటిస్తున్నాడని వంద మందికి తెలుస్తుంది. ఆ లెక్క తేల్చుకునేలోగా చెరువు నీళ్ళు నడుము దాకా వచ్చాయి. బట్టీతోపాటు ఆయనా నీళ్ళలోకి దిగాడు, దాన్ని వదలకుండా.

అప్పుడే కట్ట మీద ఎక్సైజ్ జీపు ఆగింది.

కనకమ్మ జీపును చూసింది. పూలు కొన్ని జారి, కొంగమెడ దగ్గర రాగి తళుక్కుమంటున్న చోటును చూసింది. తర్వాత భీమేశ్వరరావు ముఖం చూసింది.

"ఇడువు సార్!" అని ఆయన చేతులు విడదీసి, తాంబాలాన్ని ఒక్క తోపు తోసింది. బుడుంగుమని రెండు వందల ఏళ్ళు నీళ్ళలోకి దిగిపోయాయి. తంగేడు పూలు పైన మిగిలాయి.

వీరేశం చెప్పులు తీసేసి నీళ్ళ అంచుదాకా వచ్చాడు. "పూల ఆటోల రాగి బట్టీ పోతున్నదని హఫీజ్‌పేట్‌ల చెప్పిండ్రు. యాడున్నది?"

"బతుకమ్మ ఉండె సార్. సాగనంపినం" అంది కనకమ్మ.

"నాకు ఫోన్ చేసింది నువ్వేనా?" అని ఆయన భీమేశ్వరరావును అడిగాడు.

"ఆయన మాట్లాడడు సార్. తెలంగాణ వచ్చేదాంక ఒట్టు" అంది కనకమ్మే.

వీరేశం సెల్ తీసి ఆ నంబరు నొక్కాడు. కానీ భీమేశ్వరరావు జేబులోని ఫోను అప్పటికే నడుములోతు నీళ్ళలో తడిసి ప్రాణం వదిలేసింది. ఎక్కడా ఏ మోతా లేదు. వీరేశం తల గోక్కున్నాడు. ఇక వెళ్ళిపోయేవాడే. అంతలో కట్ట మీంచి కేక వినిపించింది.

"బాబాయిగారూ! ఫోనెత్తరేంటండీ? బట్టీ ఏదండీ?"

కారు చౌరస్తాలో ఇరుక్కుంటే సంయుక్త నడిచి వస్తోంది. ఆమె పక్కన ఎర్రటి ముఖం, తెల్లటి గడ్డంతో స్కాట్లాండు పెద్దాయన. భీమేశ్వరరావు నీళ్ళలోనే కళ్ళు మూసుకున్నాడు. సంతకం పెట్టిన కాగితం, సీలు పడిన షట్టరు, పోలీసు స్టేషను బెంచీ వరసగా కనిపించాయి.

"ఆ బట్టీ గురించే అడుగుతున్న మేడం. దాని సంగతి మీకెరుకేనా?" అన్నాడు వీరేశం.

సంయుక్త సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. వీరేశం ఒక్కో ముద్రా చూశాడు. చివరికి భీమేశ్వరరావుకేసి జాలిగా చూశాడు. "గిది మ్యూజియం వస్తువు. దీనికి పర్మిట్టు అక్కర్లేదు. పొద్దుగాల ఫోన్ల అదే చెప్తామనుకుంటి. పేరడిగేసరికి కట్ చేస్తివి."

భీమేశ్వరరావు నోరు తెరిచాడు. వంద మంది చూస్తున్నారు. మూసేశాడు.

"అయితే బట్టీ ఏదండీ?" అంది సంయుక్త మళ్ళీ. ఓదెలు చెరువుకేసి వేలు చూపించాడు. ఆమె ముఖం పాలిపోయింది. పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పింది. ఆయన చెరువుకేసి, పూలకేసి, నడుములోతు నీళ్ళలో దండతో నిలబడ్డ భీమేశ్వరరావుకేసి చూశాడు. ఆయన కట్ట మీద కూలబడి, కన్నీళ్ళొచ్చేలా నవ్వడం మొదలుపెట్టాడు.

నవ్వు తగ్గాక ఆయన చెప్పింది సంయుక్త తెలుగులో చెప్పింది. "వాళ్ళ ముత్తాత తాతగారు దొంగచాటుగా కాచేవారటండీ. పన్నులవాళ్ళు వస్తున్నారని తెలిసి దీన్ని ఊరి చెరువులోకి తోసేశారట. పదకొండేళ్ళు నీళ్ళలోనే ఉందట. ఆడవాళ్ళు బట్టలుతుకుతున్నట్టు కూర్చుని కాపలా కాశారటండీ. అది నీళ్ళలో పడటం ఇది రెండోసారంట. అప్పుడే కొండగుహలో దాచిన పీపాలను భయం తీరాక తీసి చూస్తే రంగూ రుచీ వచ్చాయట. వాళ్ళ సరుకులో సగం రుచి భయానిదేనని వాళ్ళింట్లో చెప్పుకుంటారటండీ."

"ఐతే తియ్యుండ్రి మరి" అంది కనకమ్మ. "పూలు గంగమ్మకు. తాంబాలం ఇంటికి తెచ్చుకునుడు ఎప్పుడూ ఉన్నదే గదా. గదాన్ల ఉన్నది గూడ తాంబాలం కిందికే వస్తది."

ఓదెలు మునిగి తాడు కట్టాడు. జనం లాగారు. బట్టీ ఒక్క సొట్ట లేకుండా, తోమినట్టు మెరుస్తూ బయటికొచ్చింది. కంపెనీ పిల్లలు నడిచి రాగా, పదకొండు గంటల ప్రోగ్రాం ఒంటిగంటకు చెరువుకట్ట మీదే జరిగింది. ఓక్ పీపా మోతకు మాత్రం అందరికంటే గట్టిగా పెద్దాయనే తల ఊపాడు.

జనం చెదిరాక, కనకమ్మ తడి కొంగు పిండుకుంటూ భీమేశ్వరరావు పక్కకు వచ్చింది. "లేపినప్పుడే సమఝైంది సార్, పూలు గంత బరువుండయని. జీపును జూసి తోసిన. పోయినేడు మా కొడుకు ఐలయ్య పెండ్లిల వాన పడితె, అడగకముందే ఇంకో షామియాన పంపితివి. యాది మరుస్తనా?"

ఆ షామియానాను ఆయన ఆ ఏడాది తరుగులో కలిపేసి మరిచిపోయాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "చాలా థాంక్సమ్మా..." అనబోయాడు.

కనకమ్మ వేలెత్తి ఆపింది. "ఊహూ! ఒట్టు పెట్టింది గౌరమ్మ మీద సార్. నేను ఇడిచినా ఆమె ఇడువది. నీ దుకాణం ముందటికెల్లే రోజూ పనికి పోత, మాట్లాడుతవేమో అని ఇంటుంట."

తెలంగాణ రావడానికి ఆ తర్వాత రెండేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్ళూ టెంట్ హౌస్‌లో బేరాలు చేతివేళ్ళ మీదే సాగాయి. వచ్చినవాళ్ళు బేరమాడలేక చెప్పిన ధరకే ఒప్పుకుపోయారు. మూతబిగించి నిలవ ఉంచితే మెరుగయ్యేది విస్కీ ఒక్కటే కాదని భ్రమరాంబ కూడా ఒప్పుకుంది.